ఈ వైపు పైకి

బరంపురంలో పొట్నూరు మోటార్ హౌస్ చరిత్ర
ఎవరైనా అడిగితే మా వీధి తలుపు చూపిస్తాను.
నల్లరంగుతో అచ్చు కొట్టిన మూడు ఇంగ్లీషు మాటలు,
పక్కన ఒక బాణం.
బాణం గడప వైపు చూస్తుంది.

మా తాత లింగాచారికి ఇంగ్లీషు రాదు.
తలకిందులుగా బిగించేశాడు.
బళ్లో అక్షరాలు నేర్చిన ఏడు
నేను మెడ వంచి, జడ నేలకి రాసుకుంటూ చదివాను:
ఈ వైపు పైకి.

మద్రాసులో ఓడ దిగి, గూడ్సులో నాలుగు రోజులు పడుకుని,
స్టేషను నుంచి రెండు జతల ఎడ్లు లాగితే వచ్చేవి కార్లు.
ఎడ్లు లాగిన మోటారుకారు!
ఆ మాట చెప్పినప్పుడల్లా తాత ముందు దగ్గేవాడు, తర్వాత నవ్వేవాడు.
పట్టుమగ్గాలు ఆపేసి వీధంతా చుట్టూ చేరేది.
కూర్మయ్య శెట్టి కండువా భుజం మార్చి
"కొట్టు ఆచారీ" అనేవాడు.
ఉలి దిగగానే
మన కొండల్లో లేని ఒక చెట్టు వాసన.
సాలు కాదు, టేకు కాదు, పనస కాదు.
"ఏ సెట్టో గానీ, మెత్తనిది. మేకు అడక్కుండా దిగిపోతాది.
సలి దేశంలో పెరిగింది గావాల, మొండితనం నేర్సలేదు."

కూలి రోజుకి ఆరణాలు, పైన పెట్టె చెక్క.
కారు జమీందారుకి, చెక్క వడ్రంగికి.
కాగితం మీద లేదు, ఎవరూ తప్పలేదు.
అలా మొదటి ఆస్టిన్ మా వంటింట్లో అటకయింది.
షెవ్రొలేలో మా అత్తలు ముగ్గురూ ఊగి పెరిగారు.

శెట్టి చిట్టా తెలుగులో ఉండేది:
"ఒకటి. ఆకుపచ్చది. హారనుకి రబ్బరు బుడ్డి.
సగం రొక్కం, సగం పంట మీద."
ఒరిస్సా వేరే రాష్ట్రమైన ఏడు
బోర్డు మీద ఒడియా అక్షరాలు గుండ్రంగా ఎక్కాయి,
తెలుగు కొంచెం కిందికి జరిగి చోటిచ్చింది.
గుమస్తా సాబతో బాబు రెండు భాషల్లోనూ
ఒకేలా తప్పు కూడేవాడు.

యుద్ధం వచ్చింది. ఆరేళ్లు ఒక్క పెట్టె రాలేదు.
తాత మళ్లీ నాగళ్లు చెక్కాడు.

తర్వాత జమీందారీలు పోయాయి,
కార్లు వెనక్కి రావడం మొదలుపెట్టాయి.
పెట్టెల్లో కాదు. తాళ్లు కట్టుకుని, వాన కారుతూ,
ఒకదాని వెనక సీట్లో గుడ్లు పొదుగుతున్న కోడితో సహా.
శెట్టి ఒక్కదాన్నీ కాదనలేదు.
"అమ్మిన చెయ్యే గదా" అని చిట్టాలో కొత్త పేజీ తీశాడు.
పైన రాసిన మాట: తిరిగొచ్చినవి.
పంట మీది బాకీ కొట్టేసి, ఆకుపచ్చదాన్ని షెడ్డులోకి నెట్టించాడు.
నలుగురు తోశారు. చక్రం పట్టుకునే మనిషి లేక
తాతని కూర్చోబెట్టారు.
మోటారు తోలాను అని ఆయన చెప్పుకున్నది
ఆ ఇరవై గజాలే.

కొత్తవి తెప్పించడానికి పర్మిట్ లేదని ఢిల్లీ ఉత్తరం వచ్చినప్పుడు
శెట్టి అది తాత చేతికిచ్చాడు, చదవమని కాదు,
గోడకి మేకు కొట్టమని.
చివరికి బోర్డు దించినప్పుడు అదీ కూలి కిందే వచ్చింది.
రంగు గీకితే కింద అదే చెక్క, అదే వాసన,
కొంచెం పలచబడి.

తలుపు అడుగున మూడంగుళాలు చెదలు తిన్నాయి.
నిరుడు భువనేశ్వర్ నుంచి ఎవరో హోటలాయన వచ్చాడు.
బాణం మీద వేలు పెట్టి నిమిరాడు,
ముప్పై అయిదు వేలన్నాడు.
"గీత పడకుండా పెట్టెలో పెట్టి పట్టుకెళ్తాం."
పెట్టె ఎవరు చేస్తారని అడిగి
నేను నవ్వితే ఆయనకి అర్థం కాలేదు.

మా అబ్బాయి అప్పటికే టేపు తీసి
నిలువు కొలుస్తున్నాడు.